పెద్దమ్మ కూర్చునేదాకా

డిపోలో కొత్తగా బిగించిన ఆట యంత్రం మీద డ్రైవరమ్మకి నూటికి ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి. పంతొమ్మిదేళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషి. ఇన్నేళ్ళలో ఒక్క అద్దం పగలగొట్టలేదు, ఒక్క సైకిలుకి గీత పెట్టలేదు. అలాంటిది, మంగళవారం పొద్దున తెర మీది బొమ్మల ఊళ్ళో ఆరు స్టాపులు దాటడానికి ఆమెకి చెమటలు పట్టాయి.

యంత్రాన్ని విశ్రాంతి గదిలో ఒక మూల పెట్టారు. పాత బస్సులోంచి ఊడదీసిన సీటు, దాని ముందు స్టీరింగు, కాళ్ళ దగ్గర రెండు పెడళ్ళు, ఎదురుగా మూడు పెద్ద తెరలు. తాళం తిప్పితే తెరల మీద రోడ్డు పరుచుకుంటుంది. ఆ ఊళ్ళో చెట్లన్నీ ఒకే ఎత్తు. కుక్కలు లేవు, గుంతలు లేవు, రోడ్డు మధ్యలో నిలబడి ఫోను మాట్లాడే మహానుభావుడు లేడు. ఇలాంటి ఊళ్ళో అయితే కళ్ళు మూసుకుని నడపొచ్చు అనుకుంటూ ఆమె సీటు ముందుకి జరుపుకుంది.

మొదటి స్టాపులో ఒక ముసలావిడ ఎక్కింది. బొమ్మే. నీలం కోటు, చేతిలో కర్ర. ఎక్కి, లోపలి అద్దంలో సరిగ్గా కనపడేటట్టు నడుమ కమ్మీ పట్టుకుని నిలబడింది. వెనక సీట్లన్నీ ఖాళీ. డ్రైవరమ్మ తలుపు మూసి, ఆవిడ కూర్చుంటుందని చూసింది. పెద్దవాళ్ళు ఎక్కితే వాళ్ళు కూర్చునేదాకా ఆమె బ్రేకు మీంచి కాలు తియ్యదు. అది ఎవరూ నేర్పిన పాఠం కాదు, ఏళ్ళ మీద కాలికి అలవాటైపోయింది. అర నిమిషం గడిచింది. నిమిషం గడిచింది. ముసలావిడ కూర్చోలేదు సరికదా, రెప్ప కూడా వెయ్యలేదు. తెర వెనకనుంచి బొమ్మ కార్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి.

"అక్కా, ఆవిడ కూర్చోదు" అన్నాడు వెనక నిలబడ్డ కుర్ర డ్రైవరు. నిమిషం తేడా రాకుండా బస్సు తిప్పుతాడని డిపోలో అతన్ని గడియారం అంటారు. "నువ్వు బస్సు కదిపితే అప్పుడు కూర్చుంటుంది. ఆట అలా చేశారు."

"కదిపితే పడిపోదూ?"

"బొమ్మక్కా అది."

బొమ్మని ఆమెకీ తెలుసు. తెలిసినా కాలు లేవలేదు. గదిలో ఒకరు కిసుక్కుమన్నారు, ఇంకొకరు అందుకున్నారు, కాసేపటికి టీ తాగేవాళ్ళు కూడా గ్లాసులు పక్కన పెట్టి పగలబడి నవ్వారు. రెండు నిమిషాల నలభై సెకన్ల తరవాత ఆమె పంటి బిగువున బస్సు కదిపింది. కదిపీ కదపగానే ముసలావిడ బుద్ధిమంతురాలిలా వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. మూడో స్టాపులో చేతికర్రతో ఇంకో ముసలాయన ఎక్కాడు. మళ్ళీ అదే భాగోతం.

సూపర్‌వైజరు యంత్రం కక్కిన చీటీ చింపి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చెడ్డవాడేమీ కాదు. కాగితంలో ఏముంటే అది నమ్మే మనిషి, అంతే.

"అనవసరపు నిలుపుదల, తొమ్మిది నిమిషాలు" అన్నాడు. "చూడండమ్మా, నాకు మీ మీద కోపం లేదు. శుక్రవారానికి డెబ్బై రావాలి. రానివాళ్ళని రూటు మీంచి తీసి షెడ్డుకి వెయ్యమని పైనుంచి వచ్చింది. యంత్రం చెప్పినదాన్ని నేను మార్చలేను కదా."

షెడ్డు డ్యూటీ అంటే బస్సుల్ని కడగడానికి తీసుకెళ్ళడం, కడిగాక తెచ్చి వరసలో పెట్టడం. గోడ నుంచి గోడకి. పొద్దంతా నడిపినా ఒక్క మనిషీ ఎక్కడు. ఆమెకి పదిహేడో నంబరు రూటంటే ప్రాణం. కళ్ళాసుపత్రి స్టాపులో ఎక్కే ముసలివాళ్ళు, నర్సులు, ఎక్కాలు అప్పజెప్పుకుంటూ ఎక్కే పిల్లలు, అందరూ ఆమెకి అలవాటే.

గదిలోవాళ్ళు నవ్వినంత నవ్వి, తరవాత ఓదార్చడానికి వచ్చారు. ఈమధ్య డిపోలో ఎవరి ఫోనులో చూసినా ఏదో ఒక ఆట ఉంటుంది, ఓదార్పు కూడా ఆ దారినే వచ్చింది.

"నేనాడేది సీసాల్లో రంగునీళ్ళు సర్దే ఆట చెల్లెమ్మా" అన్నాడు పెద్ద మెకానిక్కు. "రెండు వందల పన్నెండో మెట్టు మీద పది రోజులుగా కూర్చున్నాను. ఇంజను మొత్తం విప్పి బిగించడం నయం. ఆటంటేనే మనల్ని వెర్రివాళ్ళని చెయ్యడానికి పుట్టింది, మనసులో పెట్టుకోకు."

"నా క్యాబేజీలు మాత్రం బంగారం" అన్నాడు గేటు కాపలాదారు. ఆయనది తోట పెంచే ఆట. "ఏడింటికల్లా కోస్తే చాలు, ఎవరినీ ఏమీ అనవు. ఒక్కటే బాధ, ఏడింటికే బస్సులూ బయల్దేరతాయి."

"అందుకా రోజూ గేటు దగ్గర నాకు రెండు నిమిషాలు పోతున్నాయి?" అన్నాడు గడియారం. ఈసారి డ్రైవరమ్మకి కూడా నవ్వు ఆగలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు హాల్లో సోఫా మీద కాళ్ళు బారజాపుకుని గుహలో డ్రాగనుతో యుద్ధం చేస్తోంది. డెబ్బై ఒకటో ఏడు. మోకాలి ఆపరేషనయ్యాక కదలకుండా కూర్చోమంటే కూర్చునే రకం కాదని కొడుకు ఆటల పెట్టె కొని టీవీకి తగిలించాడు. అప్పట్నుంచి ఆ టీవీలో వార్తలు చూసే భాగ్యం ఇంట్లో ఎవరికీ లేదు. చేపల ఆట ముగించింది, చేపలకి బొత్తిగా తెలివి లేదంది. ఊరు కట్టే ఆట ముగించింది, కట్టినంతసేపు బాగుంది గానీ ఆ ఊళ్ళో జనం ఒకరింటికి ఒకరు వెళ్ళరని వదిలేసింది.

"ఈ డ్రాగను ఎంతసేపూ ఎడమపక్కకే తిరుగుతోంది" అందావిడ, కోడలు చెప్పులు విడుస్తుండగానే. "మెడ పట్టేసినట్టుంది పాపం. ఏమిటే, ముఖం అలా ఉంది?"

డ్రైవరమ్మ నేల మీదే చతికిలబడి జరిగినదంతా చెప్పింది. ముసలావిడ నిలబడిపోయిన ఘట్టం దగ్గర అత్తగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగాయి.

"మీరూ నవ్వండి అత్తయ్యా. డిపో మొత్తం నవ్వింది, మీరొక్కరే మిగిలారు."

"నవ్వక ఏం చెయ్యమంటావ్? బొమ్మ కూర్చోవాలని బస్సు ఆపిన కోడలు ఎంతమందికి దొరుకుతుంది?" కళ్ళు తుడుచుకుని, చేతిలోని ఆట ఆడించే మీటల పలక కోడలి ఒళ్ళో పెట్టింది. "రేపు నీది పొద్దుటి డ్యూటీయేగా. మధ్యాహ్నం వచ్చెయ్. డెబ్బై కాదు, ఎనభై తెప్పిస్తాను."

అన్నట్టే, బుధవారం మధ్యాహ్నానికి బస్సు నడిపే ఆట ఒకటి వెతికి సిద్ధంగా పెట్టింది. డిపోలో ఉన్నదీ ఇదీ అచ్చం అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. ఇక్కడా చెట్లన్నీ ఒకే ఎత్తు. ఇక్కడా ఎక్కినవాళ్ళు బస్సు కదిలితే గానీ కూర్చోరు.

"ముందు ఒకటి తెలుసుకో" అంది అత్తగారు, మోకాలి కింద దిండు సర్దుకుంటూ. "ఆటలో మనుషులుండరు. ఆట తయారుచేసినవాడు ఒకడుంటాడు. వాడికేం కావాలో కనిపెట్టి అది వాడి ముఖాన పడెయ్యాలి. వీడికి తొందర కావాలి. తలుపు మూశావా, కదిలావా, అంతే. అద్దంలోకి చూడకు."

"అద్దం చూడకుండా బస్సెలా నడుపుతాను?"

"ఎదర అద్దం చూడు. లోపలి అద్దం చూస్తే ఆ ముసలిదాని మీద జాలి పడతావ్. ఆ వయసుదాన్ని నేనే చెబుతున్నాను, జాలి పడకు."

మొదటిసారి యాభై రెండు వచ్చింది. రెండోసారి ఒక గర్భిణి ఎక్కేసరికి ఆగిపోయి నలభై నాలుగుకి పడింది. "అయ్యో రాత" అని అత్తగారు తల కొట్టుకుంది. మూడోసారి లోపలి అద్దం కనపడకుండా టీవీ మూల మీద రుమాలు కప్పింది. అరవై ఆరు. సాయంత్రం భర్త పనినుంచి వచ్చి వంట మొదలుపెట్టేటప్పటికి ఆమె కాలు దారిలో పడింది. తలుపు మూయడం, కదలడం. మూయడం, కదలడం. ఎనభై ఒకటి కనపడగానే అత్తాకోడళ్ళిద్దరూ వేసిన కేకకి భర్త గరిటెతో సహా హాల్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఎవరు పడ్డారు?"

"ఎవరూ పడలేదు, అందుకే" అంది తల్లి.

ఆ పూట ముగ్గురూ టీవీ ముందే అన్నాలు తిన్నారు. భర్త తానూ ఒక చెయ్యి వేస్తానని కూర్చుని, బస్సుని తీసుకెళ్ళి చెరువులో దింపాడు. చాలా రోజుల తరవాత డ్రైవరమ్మకి కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వు వచ్చింది. రూటు ఎక్కడికీ పోదన్న ధీమాతో పడుకుంది.

గురువారం పొద్దున పదిహేడో నంబరు కళ్ళాసుపత్రి స్టాపులో ఆగింది. నలుగురు దిగారు, ముగ్గురు ఎక్కారు. చివరగా ఎక్కిన పెద్దాయన చేతిలో పూలకుండీ ఉంది. మట్టితో నింపిన కుండీ, అందులో జానెడు మొక్క. కంటికి పట్టీ వేసి ఉంది. ఆమె తలుపు మూసింది. కదిలింది.

వెనక దబ్బుమని చప్పుడైంది.

ఒక క్షణం ఆమెకేమీ అర్థం కాలేదు. లోపలి అద్దం వైపు చూసింది. చూసిన తరవాతే, అంతవరకూ చూడలేదన్న సంగతి తెలిసింది. పెద్దాయన కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. పక్క సీటులోని నర్సు ఆయన నడుము పట్టుకుంది. కుండీ పగిలి మట్టంతా నేల మీద పరుచుకుంది.

ఆమె బస్సు పక్కకి తీసి ఆపి పరిగెత్తింది. ఆయనకి దెబ్బ తగల్లేదు. సీటులో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మట్టి దోసిళ్ళతో ఎత్తసాగింది.

"నాదే తప్పమ్మా" అన్నాడాయన, పట్టీ లేని కంటితో నేలంతా వెతుకుతూ. "నా కాళ్ళే నిదానం. నీ బస్సులో ఎప్పుడూ ఇలా కాదని, కాస్త ధీమాగా నిలబడ్డాను."

తిట్టి ఉంటే ఆమెకి అంత బాధ ఉండేది కాదు. మొక్కని వేళ్ళతో సహా తన భోజనం డబ్బా ఖాళీ చేసి దాంట్లో నాటి, మట్టి పోసి ఆయన ఒళ్ళో పెట్టింది. అన్నం సంగతి ఆ రోజుకి మరిచిపోయింది. మిగిలిన స్టాపులన్నిట్లో తలుపు మూశాక అద్దంలోకి చూసింది గానీ, కాలు మాత్రం ప్రతిసారీ తనంతట తను లేవబోయింది. దాన్ని బలవంతాన అదిమి పట్టుకోవలసి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు ఒక్క మధ్యాహ్నంలో మారిపోయిందంటే ఆమెకి తన కాలంటేనే భయం వేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి అంతా చెప్పింది. అత్తగారు ఆట ఆపకుండానే మీటల పలక పక్కన పెట్టేసింది. తెర మీద డ్రాగను తీరిగ్గా వచ్చి ఆమెని మింగింది. అటు చూడను కూడా లేదు.

"రేపు నేను నాలాగే నడుపుతాను అత్తయ్యా. ముప్పై వస్తే ముప్పై. షెడ్డుకి వేస్తే షెడ్డుకే వెళ్తాను. బయట ఇలా నడిపేకన్నా అది నయం."

"నేను నేర్పిందే కదా" అంది అత్తగారు. దిండు పక్కకి నెట్టి నిటారుగా కూర్చుంది. తరవాత, "మీ వాళ్ళందరి మార్కులూ గోడకి అంటించారన్నావే. ఫోటో ఏదైనా తీశావా?" అని అడిగింది.

తీసింది. అత్తగారు ఫోను ముక్కుకి ఆనించుకుని పై నుంచి కింది దాకా చదివింది. వేలితో పెద్దది చేసి మళ్ళీ చదివింది.

"ఈ పైనున్నది ఎవరే, ఎనభై అయిదు?"

"గడియారం అంటామే, ఆ కుర్రాడు. వాడిదే అందరికన్నా ఎక్కువ."

"ఇంకో నలుగురికీ ఎనభై అయిదే వచ్చింది. ఎనభై ఆరు ఒక్కరికీ లేదు. నూరు మార్కుల ఆటలో ఇరవై ముగ్గురు ఆడితే, ఎనభై అయిదు దగ్గర గోడ కట్టినట్టు ఎందుకు ఆగుతారు?" కళ్ళజోడు తీసి కోడలి ముఖంలోకి చూసింది. ఆ కళ్ళలో వెలుగు డ్రైవరమ్మ ఎరిగినదే, గుహలో దొంగ తలుపు దొరికినప్పుడు వచ్చేదే. "పదిహేను మార్కులు ఎక్కడో దాక్కున్నాయి అమ్మాయ్. ఎవరూ వెళ్ళని చోటేదో ఉంది అందులో. రేపు నేనూ వస్తాను."

శుక్రవారం పదింటికి అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని ఆటోలో డిపోకి వచ్చింది. గేటు కాపలాదారు బయటివాళ్ళు రాకూడదన్నాడు. ఆయన ఫోనులో క్యాబేజీలు చూసి, వాటి మధ్య బంతి మొక్కలు నాటితే పురుగు రాదని ఆవిడ చెప్పింది. ఆయన కుర్చీ మోసుకుని లోపలిదాకా వచ్చి యంత్రం పక్కన వేసి మరీ వెళ్ళాడు.

"మీరు..." అన్నాడు సూపర్‌వైజరు.

"నేనాడను బాబూ. చూస్తాను."

గది నిండిపోయింది. డ్యూటీ లేనివాళ్ళు కూడా వచ్చారు. డ్రైవరమ్మ సీటులో కూర్చుని తాళం తిప్పింది. మొదటి స్టాపు వచ్చింది. తలుపు తెరిచింది. నీలం కోటు ముసలావిడ ఎక్కింది, కమ్మీ పట్టుకుంది, నిలబడింది. డ్రైవరమ్మ తలుపు మూసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, అద్దంలోకి చూస్తూ ఆగింది.

పది సెకన్లు. ఇరవై. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె కావాలనే ఆగిందని అందరికీ అర్థమైంది. గడియారం మాత్రం ఉండబట్టలేక, "కదుపక్కా, రూటు పోతుంది" అన్నాడు మెల్లగా.

"కదపను."

అత్తగారి కళ్ళు తెర మీద లేవు. స్టీరింగు చుట్టూ, మీటల మీద, సీటు కింద వెతుకుతున్నాయి. "బాబూ, ఈ మెడ వంచుకున్న పుల్ల ఏమిటి?"

"మైకండి" అన్నాడు సూపర్‌వైజరు. "మన బస్సులకి మైకులు లేవు కదా. దాంతో మనకి పని లేదు."

"ఎవరైనా మాట్లాడి చూశారా?"

యంత్రం తెచ్చిన మనిషి అరపూట చూపించి వెళ్ళిపోయాడు. మైకు దాకా రానేలేదు.

"అమ్మాయ్, ఆ పుల్ల కింద మీట నొక్కి మాట్లాడు. ఆటలో మీట ఉందంటే దానికో పని ఉండి తీరుతుంది."

డ్రైవరమ్మ మీట నొక్కింది. ఏం మాట్లాడాలో తోచలేదు. ఇంతమంది ముందు బొమ్మతో మాట్లాడటమంటే సిగ్గు ముంచుకొచ్చింది. చివరికి రోజూ సీటులోంచి వెనక్కి తిరిగి అరిచే మాటే నోటికొచ్చింది.

"కూర్చున్నారా పెద్దమ్మా? మీరు కూర్చుంటేనే కదుల్తాను."

ముసలావిడ తలెత్తింది. కర్ర ఊతగా మూడడుగులు వేసి, కిటికీ పక్క సీటులో కూర్చుని, కర్రని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. తెర మూల ఆకుపచ్చ రంగులో ఒక అంకె వెలిగింది.

డ్రైవరమ్మ బ్రేకు మీంచి కాలు తీసింది. కాలు తేలిగ్గా, తన కాలులాగే లేచింది. మూడో స్టాపులో ముసలాయన్ని అడిగింది, కూర్చున్నాడు. నాలుగో స్టాపులో చంటిబిడ్డ తల్లిని అడిగింది, కూర్చుంది. అయిదో స్టాపు దాటేసరికి ఆమెకి సిగ్గు పోయింది. పదిహేడో నంబరులో ఉన్నట్టే, "లోపలికి జరగండి బాబూ, మెట్టు మీద నిలబడకండి" అని ఒక బొమ్మ కుర్రాణ్ణి గదిమింది కూడా.

యంత్రం చీటీ కక్కింది. సూపర్‌వైజరు చింపి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"తొంభై మూడు" అన్నాడు. "ప్రయాణికుల భద్రత, పదిహేనుకి పదిహేను. ఈ గడిలో అందరికీ సున్నాయే వస్తుంటే... అది పని చెయ్యడం లేదనుకున్నాను."

మొదట కేక వేసింది మెకానిక్కు. తరవాత గది మొత్తం. డ్రైవరమ్మ సీటులోంచి లేచి అత్తగారిని కుర్చీతో సహా వాటేసుకుంది. తొమ్మిదో ఎక్కం వచ్చేసిన పిల్లలా గంతులెయ్యాలనిపించింది ఆమెకి. రూటు తనదే. కళ్ళాసుపత్రి స్టాపు తనదే. అంతకన్నా, తన కాలు తనది.

గడియారం ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ఏమని అడగాలక్కా? నువ్వన్నట్టే అనాలా, ఏదన్నా పర్వాలేదా?"

"నీ బస్సు ఎక్కినవాళ్ళని ఏమంటావురా?"

అతను ఆలోచించాడు. "ఏమీ అనను" అన్నాడు.

"నువ్వు ముందు ఒకసారి నడుపు బాబూ" అంది అత్తగారు సూపర్‌వైజరుతో. "మీ పైవాళ్ళకి రాయాలి కదా, చూడకుండా ఏం రాస్తావ్?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. కాదనడానికి కారణమేదీ దొరక్క, జేబులో పెన్ను పక్కన పెట్టి సీటులో కూర్చున్నాడు. పదేళ్ళయింది ఆయన స్టీరింగు పట్టి. తాళం తిప్పాడు. మొదటి స్టాపు, తలుపు, నీలం కోటు. ముసలావిడ కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆయన తలుపు మూశాడు. మైకు వైపు చూశాడు, వెనక నిలబడ్డ ఇరవై మందినీ చూశాడు, పెదవులు కదిపాడు. మాట పైకి రాలేదు. కదిపేస్తే మాట్లాడే బాధ ఉండదు. ఆయన కాలు కుడివైపు పెడలు మీదకి వెళ్ళింది.

అక్కడే కాసేపు ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ నవ్వలేదు. బొమ్మ కార్లు వెనక హారన్లు కొడుతున్నాయి. సూపర్‌వైజరు కాలు వెనక్కి తెచ్చి బ్రేకు మీద పెట్టి, మీట నొక్కి, గొంతు సవరించుకున్నాడు.